ట్రయల్ అయిపోతే మందు ఆగిపోవాలా?

ఈ మధ్య తరచుగా నన్ను ఒక ప్రశ్న అడుగుతున్నారు. "మా నాన్నగారికి ప్రోస్టేట్ కేన్సరండీ. పెద్ద ఆస్పత్రిలో ఏదో కొత్త మందు ట్రయల్ జరుగుతోందట. చేరితే మందు ఉచితంగా ఇస్తారట. చేర్పించమంటారా?" అని. మంచి ప్రశ్నే. కాని దీనితోపాటు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి వుంది. దాన్ని మాత్రం ఎవరూ అడగరు. "ట్రయల్ ముగిసిన మర్నాడు మాత్ర ఎవరిస్తారు?" అన్నదే ఆ రెండో ప్రశ్న.

ఆ ప్రశ్న అడగకపోతే ఏం జరుగుతుందో నేను పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. నా పొరపాటు వల్ల తెలుసుకున్నాను. దాదాపు ముప్ఫయ్యేళ్ళుగా ప్రభుత్వాస్పత్రుల్లో పనిచేస్తున్న డాక్టరు తన తప్పు తానే పత్రికలో రాసుకోవడమేమిటని కొందరికి అనిపించవచ్చు. మీలో ఒక్క కుటుంబానికి ఉపయోగపడినా చాలునని రాస్తున్నాను.

మాస్టారికి వచ్చిన జబ్బు

నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు 2018లో నడుంనొప్పి అంటూ మా ఏరియా ఆస్పత్రికి వచ్చారు. అప్పటికి ఆయనకు డెబ్భై దాటాయి. రాత్రిళ్ళు నాలుగైదుసార్లు మూత్రానికి లేవవలసి వస్తోందనీ, ధార సన్నగా వస్తోందనీ కూడా చెప్పారు. పెద్ద వయసులో ఇవి చాలామందికి వుండేవే. ఇలా వున్నవారందరికీ కేన్సరు వున్నట్టు కాదు. కాని ఆ నడుంనొప్పి నాకు నచ్చలేదు. పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష చేయిస్తే చాలా ఎక్కువగా వచ్చింది. నగరానికి పంపించాను. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షించి ప్రోస్టేట్ కేన్సరేనని, అప్పటికే వెన్నెముకకు పాకిందని తేల్చారు.

ప్రోస్టేట్ అనేది మగవారిలో మూత్రాశయానికి కింద, మూత్రనాళం చుట్టూ వుండే చిన్న గ్రంథి. వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను ఈ గ్రంథికి బలం. దురదృష్టవశాత్తూ ఇక్కడ పుట్టిన కేన్సరుకు కూడా అదే బలం. ఆ హార్మోను అందకుండా చేస్తే కేన్సరు తగ్గుముఖం పడుతుందని 1941లో అమెరికాలో చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు చూపించాడు. అందుకు ఆయనకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాటికీ ఒళ్ళంతా పాకిన ప్రోస్టేట్ కేన్సరుకు చికిత్స అక్కడినుంచే మొదలవుతుంది. వృషణాలు తీసివేసే ఆపరేషనైనా చేస్తారు, లేదా అవి పనిచేయకుండా కొన్ని నెలలకొకసారి ఇంజెక్షనైనా ఇస్తారు. మాస్టారు ఇంజెక్షనే కోరుకున్నారు. మూడు నెలలకొకటి. నొప్పి పోయింది. మళ్ళీ సైకిలెక్కారు.

రెండేళ్ళు గడిచాయి. 2020 చివర పి.ఎస్.ఎ. మళ్ళీ పెరగడం మొదలుపెట్టింది. ఇది చాలామందిలో జరిగేదే. వృషణాలు మూతపడినా, మూత్రపిండాల మీద టోపీల్లా వుండే ఎడ్రినల్ గ్రంథుల్లోనూ, కేన్సరు కణాల్లోనూ కొంత పురుష హార్మోను తయారవుతూనే వుంటుంది. దాన్ని కూడా అరికట్టడానికి అబిరటెరోన్ అనే మాత్ర వుంది. దానితోపాటు ప్రెడ్నిసోలోన్ అనే చిన్న మాత్ర కూడా వేసుకోవాలి.

సంతకం పెట్టిన రోజు

అప్పుడే నగరంలోని ఒక ఆస్పత్రిలో ట్రయల్ సంగతి తెలిసింది. అందులో చేరిన ప్రతివారికీ అబిరటెరోన్, ప్రెడ్నిసోలోన్ ఉచితంగా ఇస్తారు. వాటికి అదనంగా సగంమందికి ఒక కొత్త మాత్ర, మిగతా సగంమందికి అచ్చం అలాగే వుండే మందులేని మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది ఇస్తున్నదీ రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. కొత్త మాత్రకు నిజంగా గుణం వుందో లేదో తేల్చడానికి ఇదే సరైన పద్ధతి. ఇందులో మోసం ఏమీ లేదు.

మాస్టారు అంగీకార పత్రం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. తెలుగులోనే వుంది. ఇరవై పేజీలు. "ఏరా, నువ్వు చూసి సరేనంటే సంతకం పెడతాను" అన్నారు. ఆ రోజు ఓ.పి.లో జనం గుమ్మం దాటి నిలబడి వున్నారు. నేను మొదటి రెండు పేజీలు, మందుల వల్ల వచ్చే ఇబ్బందులు రాసిన పేజీ చూశాను. మిగతావి తిరగేశాను. "మంచిదే మాస్టారూ, పెట్టండి. ఖరీదైన మందు ఉచితంగా వస్తోంది" అన్నాను. పెట్టారు.

2021 మొదట్లో మాత్రలు మొదలయ్యాయి. నెలకోసారి రైలెక్కి వెళ్ళి సీసాలు తెచ్చుకునేవారు. పి.ఎస్.ఎ. దిగింది. మనిషి కోలుకున్నాడు. మనుమరాలి పెళ్ళిలో దగ్గరుండి వడ్డనలు చేయించారు. అలా రెండున్నర ఏళ్ళు హాయిగా గడిచాయి.

2023 నవంబరులో ఒక ఉదయం మాస్టారి భార్య ఆటోలో ఆయన్ని తీసుకొచ్చారు. మనిషి వాడిపోయాడు. రెండు రోజులుగా వాంతులు. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. బి.పి. చూస్తే పైది 80 వుంది. "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగాను. "ఏమీ లేవు బాబూ. ట్రయల్ అయిపోయిందని ఫోను చేశారు. సీసా అయిపోయింది, మానేశారు" అన్నారావిడ. మూడు వారాలైందట.

అప్పుడు తెలిసింది. ట్రయల్ ముగిసిందంటే అన్నీ ముగిశాయనుకున్నారు మాస్టారు. కొత్త మాత్ర మానేశారు. అబిరటెరోన్ మానేశారు. దానితోపాటు ప్రెడ్నిసోలోన్ కూడా మానేశారు. ఆ నెలలో పడవలసిన ఇంజెక్షను కూడా వేయించుకోలేదు.

ఆయన్ని పడగొట్టింది ఆ ప్రెడ్నిసోలోన్ మానడమే. ఇది స్టిరాయిడ్ మందు. ఇలాంటి హార్మోనును మన ఎడ్రినల్ గ్రంథులు రోజూ తయారు చేస్తూ వుంటాయి. నెలల తరబడి మాత్ర రూపంలో అది అందుతూ వుంటే గ్రంథులు తమ పని మరిచిపోతాయి. మాత్ర ఒక్కసారిగా ఆపితే అవి వెంటనే మేలుకోలేవు. నీరసం, వాంతులు, బి.పి. పడిపోవడం జరుగుతాయి. సమయానికి చూడకపోతే ప్రాణం కూడా పోవచ్చు. వెంటనే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షను, సెలైను ఎక్కించాం. సాయంత్రానికి లేచి కూర్చున్నారు. ఆ పగలంతా నేను మటుకు కూర్చోలేకపోయాను.

పదకొండో పేజీ

రాత్రి మాస్టారి ఇంటినుంచి ఆ ఇరవై పేజీల పత్రం తెప్పించి మొదటినుంచి చివరిదాకా చదివాను. పదకొండో పేజీలో స్పష్టంగా వుంది. ట్రయల్ ముగిసినప్పుడు ఆఖరి పరీక్షకు రావాలని, ఆ రోజున మరో మూడు నెలలకు సరిపడా అబిరటెరోన్, ప్రెడ్నిసోలోన్ ఇచ్చి పంపుతామని, ఆ తర్వాత తమ సొంత డాక్టరు సలహాపై చికిత్స కొనసాగించుకోవాలని వుంది. ఇంజెక్షను ట్రయల్‌లో భాగం కాదని, దాన్ని ఆపకూడదని కూడా వుంది.

మర్నాడు ట్రయల్ డాక్టరుకు ఫోను చేశాను. "ఆఖరి విజిటుకు రమ్మని చెప్పామండీ, ఆయన రాలేదు" అన్నారు. మాస్టారిని అడిగితే, "అయిపోయిందన్న తర్వాత ఎందుకురా రైలు ఖర్చు దండగ అనుకున్నాను" అన్నారు. తప్పు ఎవరిదని చెప్పను? పత్రంలో రాసినవారిది కాదు. నమ్మినవారిది కాదు. చదువుతానని ఒప్పుకుని చదవనివాడిదే.

మాస్టారు నన్ను ఒక్కమాట కూడా అనలేదు. డిశ్చార్జి అయ్యే రోజు మాత్రం, "ఆఖరి మెట్టు రాయకపోతే లెక్కకు మార్కులు వెయ్యనని నీకు తొమ్మిదో తరగతిలోనే చెప్పాను కదరా" అన్నారు.

ట్రయల్ ఎందుకు ముగుస్తుంది?

ట్రయల్ ముగియడానికి కారణాలు చాలా వుంటాయి. అన్నిటికీ ఒకే అర్థం లేదు.

ఒక్కొక్కసారి మందు బాగా పనిచేస్తోందని తేలడం వల్లనే ముగుస్తుంది. అబిరటెరోన్ సంగతే చూడండి. కీమోథెరపీ వాడినా జబ్బు పెరిగిన 1195 మంది మీద 2008లో మొదలుపెట్టి దాన్ని పరీక్షించారు. లెక్కలు చూసే స్వతంత్ర సంఘం 2010లో మధ్యలో లెక్కలు తీసింది. అబిరటెరోన్ వాడినవారు సగటున 14.8 నెలలు, వాడనివారు 10.9 నెలలు బతికినట్టు తేలింది. ఇంత తేడా కనిపించాక కొంతమందిని మందులేని మాత్రల మీదే వుంచడం ధర్మం కాదని, వారికి కూడా అసలు మందు ఇవ్వజూపారు. 2011లో అమెరికా ప్రభుత్వం ఆ మందుకు అనుమతి ఇచ్చింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల పట్టికలో చేర్చింది.

ఒక్కొక్కసారి కొత్త మందుకు గుణం లేదని తేలి ముగుస్తుంది. మాస్టారి ట్రయల్ ఇలాంటిదే. తర్వాత వచ్చిన ఉత్తరంలో ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆయనకు ఇచ్చింది అసలు కొత్త మాత్ర కాదు, మందులేని మాత్ర. రెండున్నర ఏళ్ళు ఆయన్ని కాపాడింది పాత మందులే. చూశారా! అక్కర్లేని మాత్రతోపాటు ప్రాణం నిలిపే మాత్రలను కూడా ఆయన మానేశారు.

మందు వల్ల హాని కనిపించి ఆపిన ట్రయల్స్ కూడా వుంటాయి. అప్పుడు ఆ మందు కొనసాగించమని పట్టుబట్టకూడదు. అలాగే మందు వాడుతున్నా పి.ఎస్.ఎ. పెరుగుతూ, స్కానింగులో కొత్త మచ్చలు కనిపిస్తూ వుంటే, ఆ మందు పని అయిపోయిందని అర్థం. ఉచితంగా వస్తోంది కదా అని వాడుతూ కూర్చుంటే వేరే చికిత్సకు ఆలస్యమవుతుంది.

చట్టం ఏమంటుంది?

మనుషుల మీద జరిపే పరిశోధనలకు నియమాలు పెడుతూ ప్రపంచ వైద్య సంఘం 1964లో హెల్సింకీ నగరంలో ఒక ప్రకటన చేసింది. దాన్ని పలుమార్లు సవరించారు. మేలు చేసిన మందు ట్రయల్ ముగిశాక కూడా అవసరమైనవారికి అందేలా ముందుగానే ఏర్పాటు చేయాలని, ఆ సంగతి సంతకానికి ముందే రోగికి చెప్పాలని 2013 నాటి సవరణలో స్పష్టంగా రాశారు.

మనదేశంలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు 2019లో వచ్చాయి. అందులో 27వ నిబంధన ఈ విషయం గురించే. ట్రయల్ మందు మీకు మేలు చేసిందని ట్రయల్ డాక్టరు భావించి, కొనసాగించాలని సిఫారసు చేయాలి. ఎథిక్స్ కమిటీ దాన్ని ఆమోదించాలి. ఆ జబ్బుకు వేరే ప్రత్యామ్నాయ చికిత్స లేకుండా వుండాలి. మీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇవన్నీ వుంటే ట్రయల్ జరిపించిన కంపెనీ మీకు ఆ మందును ఉచితంగా ఇవ్వాలి. ఎంతకాలం ఇవ్వాలన్నది డాక్టరు, ఎథిక్స్ కమిటీ నిర్ణయిస్తారు. ఇందులో ఇంకో మెలిక వుంది. ట్రయల్ తర్వాత వాడే మందు వల్ల ఏదైనా జరిగితే కంపెనీకి బాధ్యత లేదని కూడా మీరు రాసి ఇవ్వవలసి వుంటుంది. అది చదివి, అర్థం చేసుకుని సంతకం పెట్టండి.

మాస్టారి విషయంలో ఈ నిబంధన వర్తించదు. ఆయనకు మేలు చేసింది అంగట్లో దొరికే మందే. అటువంటప్పుడు పత్రంలో ఏం రాసి వుంటే అదే దిక్కు. అందుకే పత్రం చదవాలంటున్నాను.

మీరు చేయవలసినవి

సంతకానికి ముందు అయిదు సంగతులు అడగండి. ట్రయల్ ఎన్నాళ్ళు జరుగుతుంది? మధ్యలో ఆగిపోతే నాకు ఎలా తెలియజేస్తారు? మందు నాకు పనిచేస్తూ వుండగా ట్రయల్ ముగిస్తే ఆ తర్వాత ఎవరిస్తారు, ఎంతకాలం ఇస్తారు? నేను వాడే మందుల్లో ట్రయల్‌వి ఏవి, నేను కొనుక్కోవలసినవి ఏవి? ఈ జవాబులు పత్రంలో ఏ పేజీలో వున్నాయి? ఆ పేజీ చూపించమనండి. అడిగితే చేర్చుకోరేమోనని భయపడకండి. అడగడం మీ హక్కు. సంతకం చేసిన పత్రం నకలు మీకు ఇచ్చి తీరాలి. అది ఇంట్లో జాగ్రత్తగా దాచండి.

ట్రయల్ ముగుస్తోందని కబురు వస్తే ఆఖరి విజిటుకు తప్పక వెళ్ళండి. అన్ని విజిట్లలోకీ అదే ముఖ్యం. ఇంతవరకు జరిగిన పరీక్షల ఫలితాలు, స్కానింగు రిపోర్టులు, వాడిన మందుల వివరాలు రాయించి తెచ్చుకోండి. రేపటినుంచి ఏది వాడాలి, ఏది మానాలి అన్నది మాట్లాడి వూరుకోకుండా కాగితం మీద రాయించుకోండి. సీసాలో పదిహేను రోజుల మాత్రలు వుండగానే తర్వాతి ఏర్పాటు చూసుకోవాలి.

మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి. ముఖ్యంగా ప్రెడ్నిసోలోన్. అది ఆపవలసి వస్తే డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. అబిరటెరోన్ వాడుతున్నవారు హార్మోను ఇంజెక్షను కూడా వేయించుకుంటూనే వుండాలి. వృషణాలు తీసివేసే ఆపరేషను అయినవారికి మాత్రం అది అక్కర్లేదు.

మందు కొనుక్కోవలసి వస్తే, అబిరటెరోన్‌ను ఇప్పుడు మనదేశంలో చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి. కంపెనీని బట్టి ధరలో బాగా తేడా వుంటుంది. డాక్టరుతో చెప్పి చౌకది రాయించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు గాని, పెన్షనర్ల హెల్త్ కార్డు గాని వుంటే, మీ మందు దాని కింద వస్తుందో లేదో ఆస్పత్రిలో వుండే ఆరోగ్యమిత్రను అడగండి. ఈ మాత్ర పరగడుపున వేసుకోవాలి. తిన్న రెండు గంటలకు వేసుకుని, ఆ తర్వాత గంటదాకా ఏమీ తినకూడదు. అన్నంతో కలిపి వేసుకుంటే మందు ఒంట్లోకి అవసరానికి మించి ఎక్కుతుంది. బి.పి., రక్తంలో పొటాషియం, లివరు పరీక్షలు డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించాలి. ట్రయల్‌లో వున్నన్నాళ్ళు ఇవన్నీ వాళ్ళే చూసుకున్నారు. ఇక మీరే చూసుకోవాలి.

మాస్టారు ఆ ఆస్పత్రికి వెళ్ళి మూడు నెలల మందు తెచ్చుకున్నారు. రక్తపరీక్షలు సరిగా వున్నాయని చూశాకే మళ్ళీ మొదలుపెట్టాం. తప్పిపోయిన ఇంజెక్షను వేశాం. కాస్త పెరిగిన పి.ఎస్.ఎ. రెండు నెలల్లో దిగింది. ఈలోగా వారబ్బాయి హెల్త్ కార్డు కాగితాల కోసం తిరిగాడు. కొన్ని నెలలు కార్డు మీద మందు వచ్చింది, కొన్ని నెలలు కొనుక్కున్నారు. మాస్టారు మంచం పక్కన గోడకు కేలెండరు తగిలించి, మాత్ర వేసుకున్న రోజల్లా లెక్కల పంతులు మార్కులు వేసినట్టు ఎర్ర పెన్సిలుతో టిక్కు పెడుతున్నారు.

నా విషయానికి వస్తే, ఇప్పుడు ఎవరు అంగీకార పత్రం తెచ్చినా "సాయంత్రం ఓ.పి. అయ్యాక రండి" అంటున్నాను. ఇద్దరం కూర్చుని ఆఖరి పేజీదాకా చదువుతాం. అరగంట పడుతుంది. మీ వూళ్ళో మీకు తెలిసిన డాక్టరుంటే ఆ అరగంట అడిగి పుచ్చుకోండి. మొహమాటపడకండి.